తోంగ్‌బై బాబాయ్ ముట్టని గిన్నెలు

లమ్‌దువాన్ అక్క నూడుల్స్ కొట్టులో ప్రతి బల్లమీదా నాలుగు గిన్నెలుంటాయి. పంచదార, ఎండుకారం, మిరపకాయలు నానేసిన వెనిగర్, ఉప్పటి చేప సాస్. వేడి నూడుల్స్ గిన్నె ముందుకు రాగానే ఒక చెంచా సూపు నోట్లో వేసుకుని, ఆ తర్వాత ఎవరి నాలుకకు తగ్గట్టు వాళ్ళు కలుపుకుంటారు. నేనైతే నాలుగూ వేస్తాను. పక్కనే నా కుట్టుమిషను కొట్టు, రోజూ మధ్యాహ్నం అక్కడే తింటాను కాబట్టి ఆ గిన్నెల మీద నాకు హక్కుందని నా ఉద్దేశం.

మా వీధి మొత్తానికి వాటి జోలికి వెళ్ళనివాడు ఒక్కడే, తోంగ్‌బై బాబాయ్. కాలువమీద ముప్పై ఏళ్ళు రేవు పడవ నడిపి మానేసిన మనిషి. ఒక చెంచా రుచి చూస్తాడు, తల ఊపుతాడు, ఇచ్చింది ఇచ్చినట్టు తినేస్తాడు. పంతొమ్మిదేళ్ళుగా అదే బల్ల, అదే తల ఊపు. దానికి అక్క ఎంత మురిసిపోయేదో! ఎవడైనా రుచి చూడకుండా పంచదార గుమ్మరిస్తే, "ఆయన్ని చూసి బుద్ధి తెచ్చుకోండయ్యా" అని గరిటె చూపించేది. ఇద్దరూ ఒంటరివాళ్ళు కదా అని వీధి నవ్వుకునేది. నేనూ నవ్వాను, ఎందుకు దాచాలి.

ఈ వానాకాలం అక్కకు జ్వరం వచ్చింది. పది రోజులు కొట్టు మూసింది. తెరిచిన రోజు అందరం ఆత్రంగా వెళ్ళాం. మొదటి చెంచాకే నాకు అర్థమైంది. సూపు చప్పిడి. ఎముకలు అవే, ముల్లంగి అదే, పైన వేయించిన వెల్లుల్లి అదే, ఉప్పు మాత్రం లేదు. చుట్టూ చూశాను. అందరి చేతులూ చేప సాస్ గిన్నెవైపే వెళుతున్నాయి. ఒక్కరూ నోరు విప్పలేదు. మా వీధికి మొహమాటం జాస్తి. జ్వరం పడి లేచిన మనిషి ముఖం మీద "బాగాలేదు" అని ఎవరంటారు?

వారం గడిచాక అక్కే అడిగింది.

"ఏమే ఉబోన్, చేప సాస్ ఇంత తొందరగా అయిపోతోందేంటే?"

"ఎండలు కదక్కా! చెమట పోస్తే ఒళ్ళు ఉప్పు అడుగుద్ది" అన్నాను. బయట వాన దంచుతోంది.

నెల తిరిగేసరికి బైకు టాక్సీ కుర్రాళ్ళు వీధి మొగలోని నూడుల్స్ బండి దగ్గరికి మారిపోయారు. వాళ్ళ వెనకే బ్యాంకు అమ్మాయిలు. ఒకరోజు కొట్టు ఖాళీగా ఉంటే అక్క గిన్నెలు కడుగుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"జ్వరం పోయిందిగానీ నా నాలుకని తీసుకుపోయిందే. ఉప్పో, పులుపో ఏదీ తెలవట్లా. ఎక్కువైపోద్దని భయపడి చెయ్యి బిగబట్టి వేస్తున్నా."

"మరి సరిపోయిందో లేదో ఎట్లా తెలుస్తోందక్కా?"

"తోంగ్‌బై అన్న ఉన్నాడుగా! ఆయన గిన్నెలు ముట్టనన్నాళ్ళూ నా చెయ్యి బాగున్నట్టే. ముట్టిన రోజున కొట్టు మూసేస్తా. రుచి తెలీనిదాన్ని నలుగురికి వండిపెట్టడమేంటి?"

నా నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా కాలువ ఒడ్డున బాబాయ్ ఇంటి మెట్లమీద ఉన్నాను.

"ఏం బాబాయ్, నీ నాలుక్కూడా పోయిందా?"

"నాకేం? ఆ సూపు కంటే ఈ కాలవ నీళ్ళు నయం" అన్నాడు, వల చిక్కులు తీసుకుంటూ.

"మరి ఆ తల ఊపుడేంటి? ఆవిడ నీ గిన్నెని చూసుకుని ఉప్పేస్తోంది, తెలుసా?"

"తెలుసు. ఊపకపోతే మూసేస్తదనీ తెలుసు."

"ఊపినా మూసేస్తది! తినేవాడుండాలిగా! నీ మంచితనం తగలెయ్య, నువ్వే ముంచుతున్నావ్ ఆవిణ్ణి."

ఆయన వల చుట్టేసి లోపలికి వెళ్ళిపోయాడు. పెద్దవాణ్ణి అంత మాట అన్నందుకు ఇంటికి వెళ్ళేదాకా నన్ను నేను తిట్టుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం బాబాయ్ వచ్చి తన బల్ల దగ్గర కూర్చున్నాడు. అక్క గిన్నె పెట్టి, ఎప్పటిలాగే రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. ఆయన ఒక చెంచా రుచి చూశాడు. తల ఊపలేదు. చేయి చాపి చేప సాస్ రెండు చెంచాలు వేసుకున్నాడు. ఆగి, పంచదార కూడా ఒక చెంచా వేసుకున్నాడు.

అక్క ముఖం పాలిపోయింది. "అయితే అయిపోయిందన్నమాట" అని నడుముకు కట్టుకున్న ఏప్రన్ ముడి విప్పబోయింది.

"ఆగు. సూపు చప్పగా ఉంది. నువ్వు లేచినకాడ్నించీ చప్పగానే ఉంది."

"చేప సాస్ సరే. పంచదారెందుకు? నా సూపులో తీపి కూడా తగ్గిందా?"

బాబాయ్ చెవులు ఎర్రబడ్డాయి. "అది ఇప్పటిది కాదు. పంతొమ్మిదేళ్ళనించీ కావాలి."

నేను నూడుల్స్ నోట్లో పెట్టుకుని నమలడం మానేశాను.

"నేను మొదటిరోజు వచ్చినప్పుడు ఈ బల్లమీద పంచదార గిన్నె ఖాళీ. అడగడానికి మొహమాటపడి అట్లాగే తిన్నా. నువ్వది చూసి ఎంత సంబరపడ్డావో! తెల్లారి గిన్నె నిండా పంచదారుంది. కానీ ఎట్లా వేసుకోను చెప్పు?"

"అబద్ధాలకోరా!" అక్క గరిటె ఎత్తింది. "నీ నాలుకని నమ్ముకుని కొట్టు నడుపుతున్నానే!"

"నాలుక అబద్ధమాడలా. తలే ఆడింది" అన్నాడు బాబాయ్. "కొట్టు మూయొద్దు. రేపు పొద్దున్నించి కుండ దగ్గరికొస్తా. ఉన్నదున్నట్టు చెప్తా. నీ నాలుక తిరిగొచ్చేదాకా."

"రాకపోతే?"

"రాకపోతే రోజూ వస్తా."

అక్క ఏప్రన్ ముడి మళ్ళీ వేసుకుంది. కళ్ళు తుడుచుకుందో, చెమట తుడుచుకుందో నేను చూడలేదు, నావే తడిగా ఉన్నాయి. ఆ వెంటనే తెగించి, ఎండల సంగతి అబద్ధమని నేనూ ఒప్పేసుకున్నాను. నాకు పడాల్సిన తిట్లు నాకు పడ్డాయి.

మర్నాడు పొద్దున నా కొట్టు తలుపులు తీస్తుంటే కుండ దగ్గరినుంచి వాళ్ళ వాదులాట వినిపించింది. "ఇంకొంచెం." "ఎంతని చెప్పు, కొంచెమంటే ఎంత?" "పడవ తిప్పినట్టు నిదానంగా వెయ్యి, చెప్తున్నా." మధ్యాహ్నం నా గిన్నెలో పాత సూపే ఉంది. సగం తిన్నాకగానీ చేప సాస్ వేసుకోలేదన్న సంగతి గుర్తురాలేదు.

అక్క బాబాయ్ గిన్నె తెచ్చి పెట్టింది. "పంచదార నేనే వేశా. నువ్వు గిన్నెలు ముట్టుకోనక్కర్లా."

బాబాయ్ ఒక చెంచా రుచి చూశాడు. అక్క రెండడుగులు వెనక్కి వేసి నిలబడింది. అందరం ఆ తల ఎప్పుడు ఊగుతుందా అని చూస్తున్నాం.

"పంచదార ఎక్కువైంది" అన్నాడు.

పంతొమ్మిదేళ్ళలో ఏ తల ఊపుకీ అక్క అంతగా మురిసిపోవడం నేను చూడలేదు.