కష్టాల గంట తీసేసిన సంఘం

ప్రతి నెలా రెండో శనివారం పొద్దున్న పదింటికి ఆ సంఘం సమావేశమయ్యేది. ఆసుపత్రులు, నీటి సరఫరా కార్యాలయాలు, కళాశాలలు, బస్సు డిపోలు, ఇలా ముప్పై నాలుగు సంస్థల్లో కంప్యూటర్ల మంచిచెడ్డలు చూసుకునేవాళ్ళ సంఘం అది. చూసేవాళ్ళకు ముచ్చటగా ఉండేది. చల్లటి హాలు, మెత్తటి కుర్చీలు, గుమ్మంలో నవ్వుతూ చేతికి సంచీ అందించే మనుషులు, మధ్యాహ్నం కడుపునిండా భోజనం. సంచీలో పెన్ను, నోటుపుస్తకం, గొడుగు. అన్నిటి మీదా రెండే రెండు కంపెనీల ముద్రలు. సభ్యులు ఆ కంపెనీల పేర్లు కూడా పలికేవారు కాదు, "మనవాళ్ళు" అనేవారు. మిగతా అమ్మకందార్లంతా "బయటివాళ్ళు".

చదువుతున్నవారు ఈ మాట దగ్గర కాస్త ఆగాలి. సరుకు అమ్మేవాడు కొనేవాడికి ఎప్పుడు మనవాడయ్యాడు? కూరగాయల బండి దగ్గర వంకాయ తిప్పి తిప్పి చూసి పుచ్చు ఏరేసే మనమే, వందలమంది ప్రాణాలు ఆధారపడే యంత్రాలు కొనేటప్పుడు కళ్ళు మూసుకుంటాం. పైగా దానికి స్నేహమని పేరు పెట్టుకుంటాం.

సంఘం పెట్టిన కొత్తలో హాలు లేదు. ఒక కళాశాల గదిలో చెక్క బల్లల మీద కూర్చునేవారు. చివరి గంటకు "కష్టాల గంట" అని పేరు. ఎవరి దగ్గర ఏది చెడింది, ఎందుకు చెడింది, ఎవరు అమ్మిన సరుకు ఎక్కడ మొండికేసింది, సిగ్గుపడకుండా చెప్పుకునేవారు. ఒకరి చెయ్యి కాలిందని తెలిస్తే మిగతావాళ్ళు జాగ్రత్తపడేవారు.

తర్వాత మనవాళ్ళు వచ్చారు. కష్టాల గంట తీసేయమని వాళ్ళెవరూ అడగలేదు. "మా ఎదురుగానే మా సరుకును తిడుతుంటే మా పైవాళ్ళు ఏమనుకుంటారండీ" అని నవ్వుతూ అన్నారు, అంతే. గంట అరగంటయింది. అరగంట పోయి చీటీ మీద రాసిచ్చే ప్రశ్నలొచ్చాయి. చివరికి ఆ వేళకు కంపెనీవాళ్ళు కొత్త సరుకు చూపించే కార్యక్రమం వచ్చి కూర్చుంది. సంఘం సిఫారసు చేసే జాబితాలో మొదట పదకొండు పేర్లుండేవి. ఒక్కొక్కటే రాలిపోయి రెండు మిగిలాయి.

ఇదంతా సంఘం కార్యదర్శి కళ్ళ ముందే జరిగింది. ఆవిడ ఒక క్యాన్సర్ ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగం చూస్తుంది. చెయ్యి చాచే మనిషి కాదు. "ఇంట్లో గొడుగులు ఏడయ్యాయి, ఇంక వానే తక్కువ" అని భర్త ఆటపట్టిస్తే, "వారానికి రోజుకొకటి సరిపోతుందిలే" అని కొట్టిపారేసేది. ఆవిడ తప్పల్లా మర్యాద. భోజనం పెట్టినవాళ్ళ తప్పులెన్నడం బాగుండదనుకుంది. లంచం తిన్నవాడికైనా తను చేసింది తప్పని లోపల తెలుస్తుంది. మర్యాదకు నోరు మూసుకున్నవాళ్ళకు అదీ తెలియదు.

నీటి సరఫరా కార్యాలయంలో పనిచేసే ఒకాయనను సంఘంలో అందరూ సణుగుడాయన అనేవారు. ఒకరోజు ఆయన దగ్గర్నుంచి కార్యదర్శికి ఉత్తరం వచ్చింది. "మన రెండు కంపెనీల్లో పెద్ద కంపెనీ వాళ్ళ బ్యాకప్ ప్రోగ్రాం కొత్తగా మార్చినప్పటి నుంచి పెద్ద ఫైళ్ళను కాపీ చేయకుండా వదిలేస్తోంది. వదిలేసి, పని పూర్తయిందని పచ్చ గుర్తు చూపిస్తోంది. నేను తెరిచి చూశాను, లోపల ఖాళీ. కంపెనీకి మూడుసార్లు రాశాను, ఉలుకూ పలుకూ లేదు. వచ్చే శనివారం నాకు పది నిమిషాలు ఇవ్వండి."

కార్యదర్శి ఆ ఉత్తరం సంఘం అధ్యక్షుడికి చూపించింది. ఆయన కళ్ళజోడు పైకి తోసి చదివాడు.

"ఈ నెల భోజనం ఎవరిదమ్మా?"

"ఆ కంపెనీవాళ్ళదేనండీ."

"మరింకేం. ఆయనకేదో సర్దిచెప్పు."

"కార్యక్రమం నిండిపోయింది, వచ్చే నెల చూద్దాం" అని ఆవిడ జవాబు రాసేసింది. తన ఆసుపత్రిలో ఉన్నదీ అదే ప్రోగ్రాం. ఒక్కసారి తెరిచి చూద్దామని తోచలేదా అంటే, తోచింది. మనవాళ్ళు అంత పని చేయరులే అనుకుంది.

ఆ వచ్చే నెల రాకుండానే మూడు నెలలు గడిచాయి. ఒక మంగళవారం పొద్దున్న ఆసుపత్రి రేడియేషన్ విభాగంలో తెరలన్నీ నల్లబడ్డాయి. సర్వరులో డిస్కులు పోయాయి. యంత్రమన్నాక చెడుతుంది, అదేం వింత కాదు. కార్యదర్శి కంగారుపడకుండా బ్యాకప్ తెరిచింది. నెలల తరబడి పచ్చ గుర్తులు వరసగా ఉన్నాయి. వాటి లోపల ఏమీ లేదు.

చికిత్స మధ్యలో ఉన్న రోగులు నలభై ఒక్కమంది. ఎవరికి ఏ కోణంలో, ఎంత మోతాదు, ఎన్ని సిట్టింగులు ఇచ్చారో అంతా ఆ కంప్యూటర్లోనే ఉంది. ఇదివరకు రోగి చేతిలో ఒక కార్డు ఉండేది, ప్రతి సిట్టింగుకూ నర్సు సంతకం పెట్టేది. కాగితం లేని ఆసుపత్రి అనిపించుకోమని పెద్ద కంపెనీవాళ్ళు సలహా ఇస్తే ఆ కార్డులు ఎత్తేశారు. ఇప్పుడు లెక్క తెలియకుండా ఎక్కువిస్తే మనిషి దెబ్బతింటాడు, తక్కువిస్తే గడ్డ మిగిలిపోతుంది. డాక్టరు యంత్రం ఆపేయించారు.

వరండాలో బల్ల మీద ఒక తాపీమేస్త్రి కూర్చున్నాడు. గొంతులో గడ్డ. మాట రాదు, గుసగుసే. పక్కన ఆయన భార్య. బట్టలు కుట్టే మనిషి, మెడలో కొలతల టేపు తీయడం కూడా మరిచి వచ్చేసింది.

"ఈ రోజు లేదమ్మా, కంప్యూటర్ పాడైంది" అంది కార్యదర్శి.

"రేపుంటుందా?"

"చెప్పలేనమ్మా."

"చెప్పలేనంటే ఎలాగండీ? మధ్యలో ఒక్కరోజు కూడా మానొద్దని డాక్టరుగారే అన్నారు. ఈయనకు జ్వరమొస్తే కూడా పట్టుకుని నడిపించుకొచ్చాను. ఇంతకీ పోయింది మీ కంప్యూటరా, మా ఆయన లెక్కా?"

కార్యదర్శి ఉన్నమాట చెప్పేసింది. "రెండూనమ్మా."

"ఇంకోచోట రాసిపెట్టుకోలేదా? నేను ఒక చొక్కా కొలత కూడా రెండుచోట్ల రాసుకుంటాను!"

"ఉందనే అనుకున్నామమ్మా."

"అనుకున్నారా?" అంది ఆవిడ. అంతకుమించి అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది కార్యదర్శికి.

పెద్ద కంపెనీ సహాయ విభాగం ఫిర్యాదుకు ఒక నంబరిచ్చింది. "మేడమ్, మీ బ్యాకప్ పూర్తయినట్టే చూపిస్తోంది" అన్నాడు ఫోన్లో మనిషి.

"చూపిస్తోందయ్యా, లోపల లేదు."

"చూపిస్తోంది కదండీ."

రెండో కంపెనీ అది తమ సరుకు కాదని చేతులు దులుపుకుంది. కార్యదర్శి సంఘంలో ఒక్కొక్కరికే ఫోన్ చేసింది. చేసినచోటల్లా వాళ్ళూ ఉలిక్కిపడి తమ బ్యాకప్ తెరిచి చూసుకున్నారు. సాయంత్రానికి ముప్పై నాలుగింట్లో ఇరవై ఆరు సంస్థల సంగతి అదేనని తేలింది. అందరూ ఒకే జాబితా చూశారు, ఒకే సరుకు కొన్నారు, ఒకే పచ్చ గుర్తును నమ్మారు. పాత జాబితాలోంచి కొట్టేసిన బయటివాళ్ళలో నలుగురు అప్పటికే దుకాణాలు మూసేశారు. ఏళ్ళ తరబడి చదువుకున్న ముప్పై నాలుగు సంస్థల నిపుణులు ఆ రోజు ఒకరి ముఖాలు ఒకరు చూసుకోవడం తప్ప ఏమీ చేయలేకపోయారంటే, మండదా మరి?

చివరికి సిగ్గు చంపుకుని సణుగుడాయనకు ఫోన్ చేసింది.

"ఏమండీ, ఆ రోజు మీరు రాసిన ఉత్తరం..."

"ఉత్తరం సంగతి తర్వాతమ్మా. చెడిన డిస్కులు పారేశారా?"

"లేదండీ, ఉన్నాయి."

"బతికించారు. ఎవర్నీ చెయ్యి పెట్టనీయకండి, పొద్దున్నే వస్తాను."

అన్నట్టే వచ్చాడు. సంఘం జాబితాలోంచి కొట్టేసిన ఒక బయటివాడి ప్రోగ్రాం తెచ్చాడు. మూడు రోజులు కూర్చుని డిస్కుల్లోంచి ముక్కలు ముక్కలుగా ఏరి, ఇరవై ఏడుమంది వివరాలు పూర్తిగా రాబట్టాడు. మిగతా పద్నాలుగుమందివి సగం సగం. మేస్త్రివి కోణాలు, మోతాదు దొరికాయి. ఎన్ని సిట్టింగులయ్యాయో దొరకలేదు.

మూడో రోజు టీ తాగుతూ ఆయన అన్నాడు. "పది నిమిషాలు ఇవ్వలేదని కాదమ్మా నా కోపం. సణుగుడాయన అని పేరు పెట్టారు చూశారూ, అది పెట్టాక నేను నిప్పంటుకుందని అరిచినా మీకు సణుగుడులాగే వినిపించింది."

ఆవిడకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ పేరు మొదట పెట్టింది తనే.

మర్నాడు మేస్త్రి భార్య దారంతో కట్టిన బస్సు టికెట్ల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. "చికిత్స మొదలైన రోజు నుంచి, మీ కంప్యూటర్ పోయిన ముందురోజు దాకా, వచ్చేటప్పటివి మాత్రమే ఇవి. ఇరవై రెండున్నాయి. ఒకరోజు మీ మిషను రిపేరని తిప్పి పంపారు, ఆ టికెట్టు మూల చింపి పెట్టుకున్నాను. అంటే ఇరవై ఒకటి." రేడియేషన్ లెక్కలు కట్టే ఉద్యోగిని ఆ తేదీలను మిషను రిపేరు పుస్తకం పక్కన పెట్టి చూసింది. అక్షరాలా సరిపోయాయి. అంత పెద్ద ఆసుపత్రి దాచలేని లెక్కను ఒక కుట్టుపని మనిషి నూలు దారంతో కట్టి దాచింది.

కొత్తగా లెక్కలు కట్టి, సరిచూసి, చికిత్స మళ్ళీ మొదలుపెట్టేసరికి పదకొండు రోజులు పోయాయి. "ఈ పదకొండు రోజులూ గడ్డ ఊరికే కూర్చోదు. ఎంత నష్టం జరిగిందో ఆరు నెలలు పోతేగాని చెప్పలేను" అన్నారు డాక్టరు. మేస్త్రి తల దించుకున్నాడు. ఆయన భార్య మాత్రం కార్యదర్శి వైపు తిరిగింది.

"ఈ పదకొండు రోజులు నేనెవరిని అడగాలమ్మా?"

కార్యదర్శి దగ్గర జవాబు లేక కాదు. ఉంది. అది ఆ వరండాలో చెప్పాల్సింది కాదు.

రెండో శనివారం వచ్చింది. అదే హాలు, అవే సంచులు. అధ్యక్షుడు జరిగిన "చిన్న అంతరాయం" గురించి రెండు ముక్కలు తూతూమంత్రంగా చెప్పి, ఇప్పుడు కంపెనీవారు కొత్త బ్యాకప్ ప్రోగ్రాం చూపిస్తారన్నాడు. కార్యదర్శి లేచి మైకు అందుకుంది. సణుగుడాయన రాసిన ఉత్తరం మొదటినుంచి చివరిదాకా చదివింది. కింద తను రాసిన జవాబు కూడా చదివింది.

"అమ్మా, ఇది సందర్భం కాదు" అన్నాడు అధ్యక్షుడు.

"సందర్భం మూడు నెలల క్రితమే వచ్చిందండీ. మీరూ నేనూ కలిసి పంపించేశాం."

ముందు వరసలో కంపెనీ ప్రతినిధి లేచి నిలబడ్డాడు. నవ్వు మాత్రం చెదరలేదు. "మేడమ్, మీ సమస్య మనం విడిగా మాట్లాడుకుందాం."

"విడిగా మాట్లాడుకునే ఇంతదాకా తెచ్చాం!" అంది ఆవిడ. "ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఎంతమందికి ఈ లోపం ముందే తెలుసో చెయ్యెత్తండి."

ముందు బస్సు డిపో మనిషి చెయ్యెత్తాడు. కళాశాల ఆయన ఎత్తాడు. మొత్తం ఐదు చేతులు లేచాయి. ఐదుగురికి తెలుసు, ఐదుగురూ చెప్పలేదు.

మైకు ఆగిపోయింది. ఎవరు ఆపారో ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. గొంతు పెంచింది.

"నన్నెవరూ కొనలేదు. భోజనానికి మొహమాటపడి నేనే ఊరికే లొంగిపోయాను. ఇద్దర్నే నెత్తిన పెట్టుకుని, మూడోవాణ్ణి గుమ్మం ఎక్కనివ్వలేదు. అందరం ఒక్కడి మీదే ఆధారపడితే వాడి తప్పు అందరింటికీ ఒకేరోజు వస్తుందని కంప్యూటర్ చదువు చదివిన మనకు తెలియదా? తెలుసు. ఆ మేస్త్రి మన సభ్యుడు కాదు, మన భోజనం తినలేదు. మన మర్యాదకు ఆయన బలయ్యాడు. ఆయన భార్య నన్నడిగింది, పోయిన పదకొండు రోజులు ఎవరిని అడగాలని. మనల్ని అడగాలి. అమ్మినవాడి తప్పును కొన్నవాళ్ళ ముందు చెప్పనివ్వని సంఘం అమ్మినవాడి దుకాణమే అవుతుంది. ఆ దుకాణంలో ఆరేళ్ళు గుమాస్తాగా పనిచేశాను, ఈ రోజుతో మానేస్తున్నాను."