గాడిదలకు బుద్ధి చెప్పవచ్చిన దొర

పంతొమ్మిది వందల డెబ్భై తొమ్మిదిలో, గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమా కొండల కింద ఇరవై మూడు గాడిదల మంద తిరిగేది. అవేమీ అడవిలో పుట్టినవి కావు. కొండమీది పల్లెలకు నీళ్లు, పిండి, పెళ్లికూతుళ్ల పెట్టెలు మోసినవే. పికప్ బండి వచ్చిన మరునాడే యజమానులు తాళ్లు విప్పి “యల్లా, పొండి” అన్నారు. ఎక్కడికో మాత్రం చెప్పలేదు.

అక్కడి క్వారీలో రాళ్లు కొట్టే వడ్డెర పోశయ్యకు ఇది కొత్త సంగతి కాదు. జగిత్యాల దగ్గర అతని ఊళ్లో ట్రాక్టరు దిగినప్పుడు, చెరువుమట్టి మోసిన అతని తొమ్మిది గాడిదలకూ ఇదే మర్యాద జరిగింది. తాళ్లు విప్పింది అతని చేతులే. అందుకే మందను చూసినప్పుడల్లా తల దించుకునేవాడు.

క్వారీ ముందర నీళ్లట్యాంకు కుళాయి మూడేళ్లుగా కారుతోంది. ఆ నీళ్లకోసం గాడిదలు రోడ్డు దాటేవి. ఒక పొద్దున గాడిదను తప్పించబోయి రాళ్లలారీ గుంతలో పడింది, డ్రైవరుకు పన్నూడింది. క్వారీ ముదీర్, అంటే మేనేజరు, హుకుం వేశాడు: శుక్రవారంలోగా మంద కనబడకూడదు, కనబడితే తుపాకులొస్తాయి. కుళాయి సంగతి ముదీర్‌కు తట్టలేదు. తడితే ముదీర్ ఎందుకవుతాడు?

గాడిదలను నొప్పించకుండా సాగనంపడానికి అబుదాబి నుంచి ఒక ఇంగ్లీషు దొర దిగాడు. ఆయన టోపీ నీడలో నాలుగు మేకలు పడుకోవచ్చు. మొదటిరోజు జీపులతో హారన్లు కొట్టించాడు. గాడిదలు గుట్టెక్కి, జీపులు ఇసుకలో కూరుకుపోయిన వైనం తిలకించాయి. రెండోరోజు దడి కట్టించి పచ్చగడ్డి పోయించాడు. పక్కూరి మేకలొచ్చి తిని, దడి కూడా సగం తిన్నాయి. మూడోరోజు దుర్బిణి పట్టుకుని కూర్చున్నాడు. సాయంత్రానికి ముక్కు తోలూడింది.

దొర మాటలు హిందీలోకి మార్చే ఫోర్‌మన్ రాజేశ్వర్ ముందుకు పోశయ్య వచ్చాడు.

“సారూ, గాడ్దిని ఎనకనుంచి తరిమితె పోదు. ముందల నడిచే ముసల్దాన్ని పట్టుకోవాలె.”

“నువ్వూకో పోశయ్యా. దొర గాడ్దుల గురించే లండన్ల సదివిండు.”

“గాడ్దులు గూడ లండన్లనే సదివినయా?”

రాజేశ్వర్ పళ్లు నూరాడు. అప్పటికి బుధవారం పొద్దు గుంకింది.

గురువారం తెల్లవారగానే పోశయ్య పాత ట్యూబుముక్కతో కుళాయిని బిగదీసి కట్టాడు. మూడేళ్ల జబ్బుకు జానెడు రబ్బరు మందు! తర్వాత భుజాన గడ్డపార, చేతిలో రెండు నీళ్లడబ్బాలతో ముసలి గాడిద దగ్గరకు నడిచాడు. దాని వీపు మీద పాత బరువుల ఒరిపిడికి వెంట్రుకలు తెల్లబడ్డాయి. చెవిమొదట్లో గోకాడు. గోనె పరిచి, డబ్బాలు తాడుతో అటొకటి ఇటొకటి వేలాడదీశాడు.

గాడిద నిట్టూర్చింది. కొండవైపు తిరిగి నడక మొదలుపెట్టింది. మంద మొత్తం దాని వెనక బారు కట్టింది.

రాజేశ్వర్ పరుగెత్తుకొచ్చాడు. “ఏడికి తోల్కపోతున్నవ్ రా?”

“నేనేడ తోల్తున్న? అదే నన్ను తోల్కపోతుంది.”

రెండు గంటల కొండ ఎక్కుడు. పైన మనిషి లేని పల్లె. తలుపు లేని ఒక ఇంటి ముందు గాడిద ఆగింది, బరువు దించమన్నట్టు. ఆ ఇంటి పక్కనే మెట్లున్న రాతితొట్టి. పోతూ పోతూ ఎవరో దాని నోటికి బండ అడ్డంపెట్టి పోయారు. నీళ్లను దొంగలెత్తుకుపోతారని కాబోలు! పోశయ్య గడ్డపారతో బండను పక్కకు దొర్లించాడు. లోపల పక్కకాలువ గుండా చేరిన మొన్నటి వాననీళ్లు తొణికిసలాడాయి. ఇరవై మూడు మూతులు వంగాయి.

పోశయ్య ముసలిదాని తాడు విప్పాడు. ఈసారి విప్పినప్పుడు దాని ముందు నీళ్లున్నాయి. చాలాసేపు దాని వీపు నిమురుతూ నిలబడ్డాడు.

శుక్రవారం తుపాకులవాళ్లు వచ్చి, చాయ్ తాగి, “ఖలాస్” అనుకుని పోయారు. హారన్ల పద్ధతి ఫలించిందని ముదీర్ దొరకు శాలువా ఒక్కటే తక్కువగా మర్యాద చేశాడు.

పోయేముందు దొర ఏదో అడిగాడు. రాజేశ్వర్ పోశయ్య వైపు తిరిగాడు.

“దాని చెవిల ఏం చెప్పినవని దొర అడుగుతుండు.”

“మీ మందల దొర గూడ కలుస్తడట అని చెప్పిన. తిరిగి సూడకుంట పోయింది.”

రాజేశ్వర్ దొర వైపు తిరిగి ఇంగ్లీషులో ఇంకేదో చెప్పాడు. దొర మురిసిపోయి, అది శ్రద్ధగా నోటుబుక్కులో రాసుకున్నాడు.