మసీదు గుమ్మంలో చిన్ను

వైదేహి పిల్లాడికి సాక్సులు తొడిగి బయటికి వచ్చేసరికి చిన్ను బ్యాగు, కారు సీటు రెండూ ఆడపడుచు పద్మిని కారులోకి ఎక్కేశాయి.

"మసీదు చూసేసి అట్నుంచటే వీణ్ణి తీసుకుని కనాటాలో మా ఇంటికి వెళ్ళిపోతాను. మళ్ళీ ఇంటికొచ్చి ఏడుపులెందుకు?" అంది పద్మిని, డిక్కీ మూత వేస్తూ.

చిన్నుకు రెండేళ్ళు. కొన్నాళ్ళుగా నిద్రలో ఉలిక్కిపడి లేచి, ఒళ్ళు విల్లులా వంచి ఏడుస్తున్నాడు. ఈ వయసులో కొందరికి ఇంతే, అదే తగ్గుతుందన్నాడు డాక్టరు. పద్మినికి మాత్రం జబ్బేమిటో తెలుసు. జబ్బు పేరు వైదేహి. ఇంటర్ మధ్యలో ఆపేసిన పిల్లకి, ఏడిస్తే ఎత్తుకోవడం తప్ప ఏం తెలుసు? కొన్ని నెలలు తన దగ్గర ఉంచుకుని, వేరే గదిలో పడుకోబెట్టి, ఎంత ఏడ్చినా తలుపు తీయకుండా అలవాటు చేస్తానంది. "అక్క చెప్తోంది కదా" అన్నాడు అభిరామ్. అన్నప్పటినుంచీ భార్య మొహం చూడటం మానేశాడు.

వాన్ అనే ఊళ్ళో గోడౌన్ల మధ్య టర్కీ వాళ్ళు కట్టుకున్న మసీదది. ఒట్టోమన్ సుల్తానుల కాలంలో తమ ఊళ్ళో కట్టిన మసీదుకు అచ్చు నకలట. ఆ రోజు అందరికీ ప్రవేశం. పాత కట్టడాలంటే పద్మినికి ప్రాణం, ఇస్తాంబుల్ కూడా చూసొచ్చింది. వైదేహి రానని మొండికేస్తుందనుకుంది. కానీ వైదేహి ఆలోచన వేరు. చీరాలలో పసిపిల్లలు ఇలా దడుచుకుంటే తల్లులు సాయంత్రం మసీదు గుమ్మం దగ్గర నిలబడేవారు. నమాజు చేసి వచ్చేవాళ్ళు ఏదో చదివి పిల్లల మొహాన ఊదేవారు. తననూ అమ్మ అలాగే తీసుకెళ్ళిందట.

చెప్పులు విడిచి లోపలికి వెళ్తుంటే, "చున్నీ సరిగ్గా కప్పుకో. అదీ నేనే చెప్పాలా?" అంది పద్మిని.

వైదేహి తలెత్తింది. పైన పెద్ద గుమ్మటం. నడిమధ్య ఒక్క స్తంభం లేదు. దాని అంచుకింద చుట్టూ కిటికీలు, వాటిలోంచి వచ్చే వెలుగుకి కప్పు గోడల్ని తాకకుండా తేలుతున్నట్టుంది. గోడల నిండా నీలం పలకలు, వాటిమీద ఎర్రటి తులిప్ పూలు. ఈవిడ చూపించినది నచ్చకూడదని గట్టిగా అనుకుంది. నచ్చింది. భుజం మీద చిన్ను కూడా మెడ వెనక్కి వాల్చి నోరు తెరిచాడు.

"పడిపోదా వదినా?"

"పక్కన సగం గుమ్మటాలు కనిపించట్లా? అవి నాలుగువైపులా అదిమి పట్టుకుంటాయి. లేకపోతే నడిమిది విచ్చుకుపోతుంది. ఫిజిక్స్‌లే, నీకు చెప్పినా..."

"అర్థమైంది. చుట్టూ చేరి అదమడం ఇంట్లో రోజూ చూస్తున్నాగా."

అభిరామ్ తివాచీ మీది పువ్వుల్ని చూడసాగాడు.

నమాజు ముగిసేలోపు వైదేహి పిల్లాణ్ణెత్తుకుని గుమ్మం పక్కన నిలబడింది. వచ్చేవాళ్ళు నవ్వుతూ "హాయ్ బడ్డీ" అని పోతున్నారు. ఒకాయన చెప్పుల స్టాండు ఎటుందో చూపించాడు. ఎవరూ ఊదలేదు. వైదేహి చిన్నును ఇంకాస్త ముందుకు పట్టుకుంది.

"ఏం చేస్తున్నావిక్కడ?" పద్మిని వచ్చేసింది.

"ఊదిద్దామని..."

"వైరస్‌లన్నీ వాడి మొహాన ఊదిస్తావా? కెనడాలో? అభీ, చూశావా నీ పెళ్ళాం నిర్వాకం! దీని చేతిలో పిల్లాణ్ణి ఎలా వదలమంటావురా?"

ఓ తెల్లమీసాల ముసలాయన ఆగాడు. తల్లినీ పిల్లాణ్ణీ చూసి, "నో స్లీప్?" అన్నాడు. వైదేహి తలూపింది. "మై మదర్ ఆల్సో" అంటూ తను చిన్నప్పుడు ఎంత ఎత్తుండేవాడో చేత్తో చూపించి, పెదాల్లో ఏదో చదివి, మెల్లగా ఊదాడు. చిన్ను కళ్ళు చికిలించి, బుగ్గలు ఉబ్బించి, ఆయన మొహం మీదికే తుంపరలతో తిరిగి ఊదాడు. ముసలాయన మీసం తుడుచుకుంటూ పకపకా నవ్వాడు. పద్మిని నవ్వలేదు.

"తమాషా చాలు. వాణ్ణిటివ్వు" అంది పార్కింగులో.

"డిక్కీ తీయండి వదినా."

ఏదో మరిచిపోయిందనుకుని పద్మిని తీసింది. వైదేహి ఒంటిచేత్తో బ్యాగు బయటికి లాగింది.

"వీడు రాడు."

"ఊదితే తగ్గిపోతుందా? నీలాంటి మొద్దులు..."

"తగ్గదేమో. తగ్గకపోతే ఎత్తుకుంటాను. తలుపేసి మాత్రం ఏడిపించను."

"అభీ, చెప్పరా దీనికి!"

"చెప్పండి" అంది వైదేహి. "ఈసారి నా మొహం చూసి చెప్పండి."

అభిరామ్ రెండు కార్ల మధ్య నిలబడిపోయాడు. ఆమెను చూశాడు, చూపు దించాడు. తర్వాత అక్క కారు వెనక తలుపు తీసి, వంగి, చిన్ను సీటుకి బిగించిన బెల్టు ఊడదీయడం మొదలుపెట్టాడు.

"రేపు వీడు ఏడిస్తే నాకు ఫోన్ చేయొద్దు" అంది పద్మిని.

"చేయం లెండి" అంది వైదేహి.

పద్మిని కారు రోడ్డెక్కింది. అభిరామ్ సీటును గుండెకు హత్తుకుని అటే చూస్తూ, "నీవల్ల అక్క ఇక మనింటి గడప తొక్కదు" అన్నాడు.

"ముందా సీటు బిగించండి" అంది వైదేహి.