తార్నాకలో పెళ్లిబట్ట

నేను ఒక ఆరు గజాల నూలు గుడ్డను. నారింజ రంగు మీద నీలి పిట్టలు. మైనం అద్ది, రంగుల్లో ముంచి, ఎండలో ఆరేసినప్పుడు పట్టిన మగత నన్నింకా వదల్లేదు. నా మాటలు కలలో మాటల్లా ఉంటే మన్నించండి.

మాది ఘనాలోని కుమాసి. అక్కడ పెళ్లంటే ఇంటి ఆడవాళ్లంతా ఒకే గుడ్డ కట్టాలి. ఎవరు ఎవరివాళ్లో గుడ్డే చెబుతుంది. అకోసువా అనే కుమాసి పిల్ల తన అక్క పెళ్లికి వెళ్లలేకపోయింది. హైదరాబాదులో చదువు, మర్నాడే పరీక్ష. వాళ్లమ్మ ఆమె వంతుగా నన్ను పంపింది. అదే బట్టలో ఫోన్లో కనబడితే తానూ పెళ్లిలో ఉన్నట్టేనని ఆ పిల్ల ఆశ.

తార్నాకలో బట్టలు కుట్టే అండాలమ్మకు నన్నిచ్చి, తను గీసిన బొమ్మ చూపించింది. భుజాల మీద ఉబ్బిన చేతులు, నేల ఊడ్చే కుచ్చిళ్లు, తలకు చుట్టే పెద్ద గుడ్డ.

“గింత పెద్ద బుట్టచేతులా బిడ్డా? ఒక్క చేతిల నా మనుమరాలికి గౌనైతది!”

అన్నదే గాని, ఒక్క పిట్టా తలకిందులు కాకుండా కత్తిరించింది. నాకు మేఘాల్లో తేలినట్టుంది. కోస్తే నొప్పి మనుషులకే, మాకది ముస్తాబు.

పెళ్లిరోజు నన్ను విప్పి అకోసువా కెవ్వుమంది. అంచున పచ్చటి మరక! కంగారుగా సబ్బు రుద్దింది. పసుపుకు సబ్బు తగిలితే ఏమవుతుందో మీకు తెలుసుగా, ఎర్రబడింది. ఏడుస్తూ అండాలమ్మ దగ్గరికి పరుగెత్తింది.

“అయ్యో, అది పసుపు బిడ్డా! పసుపు పెట్టకుంట కొత్తబట్ట ఎట్లిస్తరు? నా బిడ్డలకు గట్లనే పెడత.” ఆవిడా బిక్కమొహం వేసింది.

ముహూర్తం ముంచుకొచ్చింది. అకోసువా నన్ను అక్కడే తొడుక్కుని ఫోన్ కలిపింది. తెర నిండా నా తోబుట్టువులే. తల్లి కళ్లు మాత్రం మరక మీదే పడ్డాయి. అకోసువా వెక్కుతూ జరిగింది చెప్పింది. తల్లి తెరకు దగ్గరగా వంగింది.

“పెళ్లికి నిన్ను ముస్తాబు చేసిన మనిషి మన మనిషేగా. మరి ఆవిడ ఒంటిమీద మన గుడ్డ ఏదీ?”

కుట్టగా మిగిలిన గజం ముక్కను అకోసువా అండాలమ్మ భుజాన కప్పింది. ఆవిడ సిగ్గుపడి, కొంగులా సర్దుకుని, ఫోన్ ముందు కూర్చుంది. ఆ క్షణాన నాకెంత గర్వమో చెప్పలేను.

ఇప్పుడు బీరువాలో కలలు కంటున్నాను. కుమాసి ఇంటి గోడకు పెళ్లి ఫొటో ఉందట. పెళ్లికూతురి చేతిలో ఫోను, అందులో ఇద్దరు. ఆ రెండో ఆవిడెవరని చుట్టాలడిగితే, అకోసువా తల్లి తడుముకోకుండా చెబుతుందట:

“మా చెల్లెలు. హైదరాబాదులో ఉంటుంది.”