గీత దగ్గర నిలబడ్డ సాక్షి

జయకర్ కాలు గీత దాటిందా, దాటలేదా అన్న అనుమానాన్ని చలపతిరావు ఇరవై తొమ్మిదేళ్ళుగా మోస్తున్నాడు. పొద్దున్నే పూజలో కూర్చుని సహస్రనామం చదువుతుంటే, ఎక్కడో మధ్యలో ఆ కాలు వచ్చి ఎదురుగా నిలబడేది. మట్టికొట్టుకుపోయిన కుడికాలు. ఆయన దానికీ ఒక అక్షింత వేసినట్టు వేసి ముందుకు సాగిపోయేవాడు.

ఆ కాలు సంగతి నూజివీడులో తెలియనివాళ్ళు లేరు. ఆ ఏడాది మామిడి కోతలు అయిపోయిన వారం మార్కెట్ వెనక ఖాళీ స్థలంలో కబడ్డీ పోటీలు పెట్టారు. ఫైనల్లో నూజివీడు, రెడ్డిగూడెం జట్లకి పాయింట్లు సమానం. ఆఖరి కూత జయకర్‌ది. అవతల మిగిలింది రెడ్డిగూడెం కెప్టెన్ నరసింహులు ఒక్కడే. జయకర్ అతని భుజం తాకాడు. నరసింహులు జయకర్ నడుం పట్టాడు. ఇద్దరూ దుమ్ములో దొర్లుకుంటూ పక్కగీత దాకా పోయారు. అక్కడినుంచి జయకర్ విదిలించుకుని వచ్చి మధ్యగీత అందుకున్నాడు.

ఆ పక్కగీత దగ్గర లైన్ అంపైర్‌గా నిలబడింది చలపతిరావే. అప్పట్లో ఆయన హైస్కూల్లో గుమాస్తా. కబడ్డీ గురించి ఆయనకు తెలిసింది గుండుసున్నా. కానీ రోజూ సంధ్య వారుస్తాడు, అబద్ధం ఆడడు అని రెండు ఊళ్ళవాళ్ళూ ఏకగ్రీవంగా ఒప్పుకుని నిలబెట్టారు. ఆ భక్తే కొంప ముంచింది. జనమంతా కళ్ళు పత్తికాయల్లా చేసుకుని చూస్తున్న క్షణంలో చలపతిరావు కళ్ళు గట్టిగా మూసుకుని, రెండు చేతులూ నెత్తిమీదికెత్తి జోడించి, "చినవెంకన్నా, మన కుర్రాణ్ణి గట్టెక్కించు తండ్రీ" అని మొక్కుకున్నాడు. అంపైరుకు 'మన కుర్రాడు' ఉండకూడదని గానీ, ఆ కుర్రాడు ఆదివారం చర్చికి వెళ్ళేవాడని గానీ ఆయనకు తట్టలేదు. విజిల్ మోగితే కళ్ళు తెరిచాడు. ఎత్తిన చేతుల్ని 'లోపలే' అన్న సైగ అనుకుని రిఫరీ పాయింటు ఇచ్చేశాడు. జయకర్ అప్పటికే జనం భుజాల మీద ఉన్నాడు.

అప్పుడే చెప్పాల్సింది. కానీ "నేను దణ్ణం పెట్టుకుంటున్నానండీ" అని అంత గోలలో ఎవరితో చెప్పడం? రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు రాలేదు గానీ రెడ్డిగూడెం జట్టు మాత్రం మర్నాడు పందెం చెల్లించుకుంది. ఓడినవాళ్ళు గెలిచిన ఏడుగురికీ నాటుకోడి పులుసుతో భోజనం పెట్టాలన్నది పందెం. అందరూ తోటల్లో కాయ కోసే కూలీలు. ఇళ్ళలో ఉన్న కోళ్ళే కోసుకొచ్చి పెట్టారు.

జయకర్ ఆ తర్వాత రెండేళ్ళు జిల్లా జట్టుకి ఆడాడు. మోకాలు దెబ్బతింది. రోజీని పెళ్ళి చేసుకుని బస్టాండు దగ్గర 'ఛాంపియన్ టిఫిన్స్ అండ్ మీల్స్' పెట్టాడు. ఒక చేత్తో చిల్లర ఇస్తూ, రెండో చేత్తో కూతురు నవ్య జడలు పట్టుకుని, మూడోది ఉంటే బాగుండునన్నట్టు రిబ్బను పంటికింద పెట్టుకుని, స్కూలు బస్సు వచ్చేలోగా ముడివేసేవాడు. చలపతిరావుకోసం వంటింట్లో ఒక పెనం వేరే ఉండేది. "ఇది పంతులుగారి పెనం. దీనికి గుడ్డు తగిలిందా, ఒక్కొక్కడి కాళ్ళు విరుగుతాయి!" అని వంటవాళ్ళని అరిచేవాడు. పెసరట్టు మీద నెయ్యి కారిపోయేది. ఆ నెయ్యి చూసినప్పుడల్లా చలపతిరావు తినడం ఆపి ఆలోచించేవాడు. ఇది అభిమానమా, ఆ పాయింటుకి కృతజ్ఞతా?

ఇంకోవైపు నరసింహులు. ఏటా కోతల రోజుల్లో మార్కెట్ దగ్గర కాయలు కోసే చిక్కం కర్ర భుజాన వేసుకుని ఎదురొచ్చేవాడు.

"పంతులుగారూ, లోపలేనా?"

"లోపలే, నరసింహులూ."

"అయితే మా కోళ్ళు న్యాయంగానే పోయాయన్నమాట. సంతోషమండీ."

రోజూ అబద్ధం ఆడని చలపతిరావు ఏడాదికొకటి ఆడేవాడు.

మొన్న మే నెలలో జయకర్ గల్లాపెట్టె దగ్గరే గుండెపోటుతో కుప్పకూలిపోయాడు. యాభై మూడేళ్ళు. కుటుంబం ప్రార్థనలు అవీ చేసుకున్నాక ఊరు తన వంతుగా సంస్మరణ సభ తలపెట్టింది. తలపెట్టింది ఊరనడం కంటే నాగార్జున అనడం సబబు. మామిడికాయల కమీషన్ వ్యాపారి. మంచి పని ఎక్కడ కనబడినా దానికి అధ్యక్షుడైపోతాడు. సభకి నాలుగు రోజుల ముందు విగ్రహం ఫోటో ఫోన్లో పెట్టుకుని చలపతిరావు ఇంటికొచ్చాడు.

"చూడండి పంతులుగారూ, కూతపెట్టే ఫోజు. కాలు గీతకి జానెడు ఇవతల పెట్టించాను. కింద రాతిమీద 'ప్రత్యక్ష సాక్షి చలపతిరావుగారు' అని చెక్కిస్తున్నాం. మీరు సభలో మైకు ముందు 'నా కళ్ళతో చూశాను, కాలు లోపలే ఉంది' అని ఒక్క ముక్క చెబితే చాలు. అప్పటి రిఫరీ లేడు, మీరొక్కరే మిగిలారు."

"జానెడా?" అన్నాడు చలపతిరావు నీరసంగా.

"మూరెడు పెట్టమంటారా? చెప్పండి, మట్టి నమూనా ఇంకా ఆరలేదు."

నాగార్జున వెళ్ళాక ఆయన మొదటిసారి భార్య కాత్యాయనికి అసలు సంగతి చెప్పాడు. ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నది.

"కళ్ళు మూసుకుని దేవుణ్ణి చూసినవాళ్ళు ఉన్నారంటే నమ్ముతాను. కబడ్డీ చూసింది మాత్రం మీరొక్కరేనండీ."

"ఎగతాళి తర్వాత చెయ్యి. ఇప్పుడేం చెయ్యను? నిజం చెబితే పాపం రోజీ హోటల్ బోర్డు చూసి జనం నవ్వుతారు. చెప్పకపోతే నా పేరు అబద్ధం కింద రాతిమీద ఉండిపోతుంది."

"మొక్కుకున్న ఆయన్నే అడగండి."

"అడిగాను. ఆయన కళ్ళ మీద నామాలున్నాయి. ఆయన మాత్రం ఏం చూశాడు?" అనేసి, చెంపలు వేసుకున్నాడు.

సభ ఆదివారం మధ్యాహ్నం హోటల్ మేడమీద. ఫ్లెక్సీలో నాగార్జున నిలువెత్తున ఉన్నాడు. జయకర్ ఆయన భుజం పక్కన పోస్టల్ స్టాంపంత ఉన్నాడు. మొదటి వక్త జయకర్ రాష్ట్రస్థాయి ఆటగాడన్నాడు. రెండో వక్త జాతీయస్థాయి అన్నాడు. మూడో ఆయనకి మిగిలింది ఆసియా ఒక్కటే కాబట్టి అక్కడిదాకా తీసుకెళ్ళి, తనే చేయి పట్టుకుని రైలెక్కించానని కళ్ళు తుడుచుకున్నాడు. జడలు వేసిన సంగతి ఎవరూ చెప్పలేదు. నవ్య మొదటి వరసలో తల్లి పక్కన కూర్చుని తండ్రి ఇన్ని దేశాలు ఎప్పుడు తిరిగాడా అని వింటోంది. వెనక వరసలో నరసింహులు, మరో ముగ్గురు రెడ్డిగూడెం ఆటగాళ్ళు ఉతికిన చొక్కాల్లో కూర్చున్నారు.

"ఇప్పుడు ఆ చారిత్రక క్షణాన్ని కళ్ళారా చూసిన ఏకైక సాక్షి..." అని పిలిచాడు నాగార్జున.

చలపతిరావు మైకు ముందుకొచ్చి, అలవాటుగా కళ్ళు మూసుకోబోయి, ఆపుకున్నాడు.

"అయ్యా, నేను చూడలేదు. కాలు లోపల ఉందో బయట ఉందో నాకు తెలియదు. ఆ సమయానికి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్నాను. ఆ దణ్ణం చూసి పాయింటు ఇచ్చారు. నేను నోరు మూసుకున్నాను. జయకర్ తప్పేమీ లేదు. తప్పు నాది. నరసింహులూ, నీతో ఏటా అబద్ధమాడాను. క్షమించు."

నాగార్జున చప్పున మైకు లాక్కుని, "పెద్దాయనకి ఎండదెబ్బ తగిలినట్టుంది, మంచినీళ్ళు పట్రండి!" అన్నాడు. ఎవరో చప్పట్లు కొట్టి, ఎందుకు కొట్టాడో తెలియక ఆపేశాడు.

రోజీ లేచింది. ఆవిడ కళ్ళలోకి చూసే ధైర్యం లేక చలపతిరావు తల వంచుకున్నాడు.

"ఆయనక్కూడా తెలియదండీ పంతులుగారూ" అంది ఆవిడ. "కాలికింద తగిలింది గీత సున్నమో, ఉత్త దుమ్మో తెలియలేదని నాతో ఎన్నిసార్లు అన్నారో. కాలు బయట పడ్డం చూసి కూడా మీరు కాపాడారేమోనని ఆయన భయం. మిమ్మల్ని అడుగుదామని ప్రతిసారీ టేబుల్ దగ్గరికొచ్చేవారు. అడగలేక 'ఇంకాస్త నెయ్యి వెయ్యనా' అని వెనక్కొచ్చేసేవారు."

చలపతిరావుకి ఇన్నేళ్ళ నెయ్యి ఒక్కసారి గుండెలోకి దిగినట్టయింది. "ఒరే జయకరూ" అన్నాడు, మైకు లేకుండా, ఎవరికీ వినబడకుండా.

"మరి నువ్వయినా చూశావు కదా నరసింహులూ!" అని ఎవరో అరిచారు.

నరసింహులు నవ్వాడు. "నేనెక్కడ చూశానండీ? ఆడి నడుం కింద నా మొహం నేలలో ఉంది. నోటినిండా మట్టి. నేను చూసుంటే ఏటా పంతులుగారిని ఎందుకడుగుతాను?"

మేడంతా గొల్లుమంది. ఊరు ఊరంతా ఇరవై తొమ్మిదేళ్ళుగా కథలు కథలుగా చెప్పుకుంటున్న కాలిని, కాలు సొంతదారుతో సహా ఎవరూ చూడలేదు. శిల్పికి ఏం చెప్పాలో తోచక నాగార్జున ఫోను చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. "కాలు పైకెత్తినట్టు చెక్కించెయ్యండి, ఏ గొడవా ఉండదు" అని నవ్య సలహా ఇచ్చింది.

"విగ్రహం మీరెలా చెక్కించుకున్నా మాకు బాధ లేదండీ" అన్నాడు నరసింహులు. "తేలని పందేనికి మా ఏడిళ్ళ కోళ్ళు కోయించారు. మా పార్వతక్క పుంజు కూడా పోయింది. ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది."

చలపతిరావు ఉత్తరీయం నడుముకి బిగించాడు. "రోజమ్మా, కింద నాటుకోడి పులుసు ఉందా?"

"ఉందండీ. కానీ మీరు..."

"వీళ్ళ నలుగురికీ ఆకులు వేయించు తల్లీ. నేను వడ్డిస్తాను."

కాత్యాయని ఆడవాళ్ళ వరసలోంచి లేచి వచ్చింది. "ఇంటికి పెరటి వైపునుంచి రండి. నీళ్ళు కాచి ఉంచుతాను" అని మాత్రం అంది.

జన్మలో మొదటిసారి చలపతిరావు ఆ గరిటె పట్టాడు. ముక్క ఏదో పులుసు ఏదో తెలియక ఒకరికి అన్నీ ఎముకలే వేశాడు. "కబడ్డీ చూసినట్టే వడ్డిస్తున్నారు, కళ్ళు తెరవండి పంతులుగారూ!" అని నరసింహులు అరిచాడు. ఆయన కళ్ళు తెరిచి, వంగి, ముక్కలు చూసి చూసి వేశాడు. నలుగురూ మారు వేయించుకుని, తీరిగ్గా, ఎముకలు శుభ్రంగా నమిలి తిన్నారు.

రాలేకపోయిన ఇద్దరికి రెండు పొట్లాలు కట్టించాడు. పార్వతక్క మొగుడు ఆ ఏడుగురిలో ఒకడు, పోయి ఆరేళ్ళయింది. ఆవిడకి కట్టించిన మూడో పొట్లం మాత్రం చలపతిరావు ఎవరి చేతికీ ఇవ్వలేదు. నరసింహులు బండి వెనక ఎక్కి, వేడి పొట్లం ఒళ్ళో పెట్టుకుని రెడ్డిగూడెం వెళ్ళి, ఆవిడ గుమ్మం ముందు నిలబడి తన చేత్తో తనే ఇచ్చాడు.

పార్వతి పొట్లం విప్పి వాసన చూసింది.

"మా పుంజంత రుచి ఉండదులెండి" అని, లోపలికి పట్టుకెళ్ళింది.