పద్నాలుగో నంబరు ఎవరండీ?

నేను ఒక అల్యూమినియం బిళ్ళను. రూపాయికన్నా పెద్దదాన్ని, అప్పడం కన్నా చాలా చిన్నదాన్ని. నెత్తిమీద ఒక చిల్లు, ఒంటిమీద 14 అనే అంకె, అంతే నా అందం. నిడదవోలులో రైలుగేటు దగ్గర డాక్టర్ హైమావతిగారి ఆసుపత్రిలో ఇరవై రెండేళ్ళు ఉద్యోగం చేశాను. గోడకి నంబరు చూపించే ఎర్రంకెల పెట్టె బిగించాక నాకు పని పోయింది. ఇప్పుడు మేజా సొరుగులో ఒక పాత స్టెతస్కోపు కింద పడి ఉన్నాను. ఊపిరాడదు అని మనుషులు అంటూ ఉంటారు చూడండి, ఆ మాట నాకు ఈ సొరుగులోకి వచ్చాక కాదు, అంతకు ముందే తెలిసింది. ఒక మనిషి జేబులో పన్నెండు రోజులు గడిపినప్పుడు తెలిసింది.

నా పుట్టుక గొప్పదేం కాదు. ఎవరింట్లోనో అడుగు చిల్లుపడ్డ అన్నం తపేలాను నేను. గిన్నెలకు మాట్లు వేసే మస్తాన్ ఆ తపేలాను కత్తిరించి ముప్పై బిళ్ళలు తీశాడు. ఒక్కోదాని మీద ఉలి పెట్టి సుత్తితో అంకె కొట్టాడు. నా వంతు వచ్చేసరికి ఎవరో పలకరించినట్టున్నారు, నాలుగు కాస్త పక్కకి ఒరిగింది. ఆసుపత్రికి వచ్చినవాళ్ళు కూర్చున్నంతసేపూ ఆ ఒరిగిన నాలుగు మీదే బొటనవేలు రాస్తూ ఉంటారు. అలా రాసి రాసి నన్ను నున్నగా చేశారు.

మా ఆసుపత్రి పద్ధతి మీకు చెప్పాలి. గుమ్మం పక్కన మేజా వేసుకుని కాంపౌండరు వీరరాఘవులు కూర్చుంటాడు. మంచివాడే. గొంతు మాత్రం గేటు పడ్డప్పుడు ఆగిన బస్సులోవాళ్ళకి కూడా వినిపిస్తుంది. వచ్చినవాళ్ళకి వరసగా బిళ్ళ ఇస్తాడు, పేరు అడుగుతాడు, తరవాత "ఏటండీ బాధ?" అని అడిగి ఆ బాధని చీటీ మీద రాస్తాడు. హాల్లో పాతికమంది ఉంటారు. వాళ్ళకి వేరే పనేముంది, అందరూ చెవులు అటే వేస్తారు. ఎవరైనా నెమ్మదిగా చెబితే, "వినపళ్ళేదండీ, కాస్త గట్టిగా" అంటాడు. ఆ మాట అన్నాక అసలు వినని వాళ్ళు కూడా వింటారు.

లోపల ఇంకో ముచ్చట ఉంది. డాక్టరమ్మగారి గదిలోనే గోడవారన ఒక బల్ల. తరవాత చూపించుకోవలసిన ముగ్గురూ దానిమీద వచ్చి కూర్చోవాలి. టైము కలిసొస్తుందని వీరరాఘవులు పెట్టిన ఏర్పాటు అది. టైము సంగతేమో గానీ, స్టూలు మీద కూర్చున్న మనిషికి ముగ్గురు సలహాదార్లు ఉచితంగా దొరికేవారు. "మా బావగారికీ అచ్చం ఇలాగే వచ్చిందండి" అని మొదలుపెట్టి, ఆ బావగారు పోయిన సంగతి దాకా చెప్పి గానీ ఆపేవారు కాదు. చాలామందికి అది కాలక్షేపమే. కొంతమందికి కాదు. ఆ కొంతమంది నాకు అరచేతుల వల్ల తెలుస్తారు.

గోవర్ధనం అలాంటివాడు. వయసు నలభై రెండు. ఊరి బయట వేబ్రిడ్జి మీద పని. ధాన్యం లారీ వచ్చి నిలబడితే, ఆయన గదిలో కూర్చుని తూకం చూసి, చిన్న కిటికీలోంచి చీటీ అందిస్తాడు. డ్రైవరుకి ఆయన చెయ్యి తప్ప ముఖం కనిపించదు. అలాంటి ఉద్యోగం ఆయనకి దొరికిందో, వెతుక్కున్నాడో నాకు తెలీదు. పెళ్ళిళ్ళకు వెళితే భోజనాల్లో ఆఖరి బంతిలో కూర్చునే రకం. షాపులో చిల్లర తక్కువిస్తే అడగలేక ఇంటికొచ్చే రకం. భార్య అరుణకుమారి దగ్గర మాత్రం బాగానే మాట్లాడతాడు, జోకులు కూడా వేస్తాడు.

ఆయన మొదట మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ నన్నే పుచ్చుకున్నాడు. అదృష్టం కాదు, లెక్క. ఎదురుగా టైర్ల షాపు నీడలో నిలబడి లోపలికి పదముగ్గురు వెళ్ళేదాకా చూసేవాడు. మొదట వస్తే అందరి కళ్ళూ తనమీదే పడతాయి. చివర్లో వస్తే హాలు ఖాళీ అయి వీరరాఘవులు కబుర్లకి దిగుతాడు. మధ్యలో దూరితే ఎవరూ పట్టించుకోరని ఆయన నమ్మకం. పాపం, ఆయన్ని నిజానికి ఎవరూ పట్టించుకోవడం లేదు. ఆ సంగతి ఆయనకి చెప్పడానికి నాకు నోరు లేదు.

మొదటిసారి "ఏటండీ బాధ?" అనగానే ఆయన పిడికిట్లో నేను తడిసి ముద్దయ్యాను. గుండె కొట్టుకోవడం నా అంచుకి తగులుతోంది. "నీరసం" అన్నాడు. వీరరాఘవులు రాసేశాడు. లోపల బల్లమీద ముగ్గురు. డాక్టరమ్మగారు చీటీ చూసి, కంటిరెప్ప లాగి చూసి, బీపీ చూసి, "ఇంకేమైనా ఉందా?" అని అడిగారు. గోవర్ధనం బల్లవైపు చూశాడు. బల్లమీద ఒకావిడ, "మునగాకు పప్పులో వేసుకుని తినండి బాబూ, నీరసం చేత్తో తీసేసినట్టు పోద్ది" అంది. "ఇంకేం లేదండి" అన్నాడు గోవర్ధనం. బలానికి మాత్రలు రాసిచ్చారు.

రెండోసారి "కడుపులో మంట" అన్నాడు. మంటకి మాత్రలు ఇచ్చారు.

మూడోసారి వీరరాఘవులు ఆయన్ని గుర్తుపట్టాడు. అది ప్రేమతోనే, ఒట్టు. "రండి రండి! ఆయేళ నీరసం, మొన్న మంట, ఇయాళేటండీ?" అన్నాడు. హాల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. గోవర్ధనం ఏదో గొణిగాడు. "మళ్ళీ మంటేనా? సరే, అదే రాత్తాను" అన్నాడు వీరరాఘవులు. గోవర్ధనం వెళ్ళి గోడ పక్కన కూర్చున్నాడు. ఆ గంటలో నన్ను ఎంత గట్టిగా నొక్కాడంటే, ఆయన అరచేతిలో నా అంకె అచ్చుపడింది. పదమూడు లోపలి బల్లమీదికి వెళ్ళింది. "పద్నాలుగో నంబరు ఎవరండీ?" అని పిలుపు వచ్చింది. ఆయన లేవలేదు. రెండోసారి పిలిచారు. పక్కవాళ్ళు తమ తమ బిళ్ళలు చూసుకున్నారు. ఆయన కూడా, తనది కానట్టు, అటూ ఇటూ చూశాడు. మూడోసారి పిలిచేసరికి లేచాడు, కానీ లోపలికి కాదు. చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. నేను ఆయన పిడికిట్లోనే ఉన్నాను.

వేబ్రిడ్జి దాకా వెళ్ళాక గాని ఆయన చెయ్యి తెరవలేదు. నన్ను చూసి అక్కడే కుర్చీలో కూలబడ్డాడు. చొక్కా జేబులో వేసుకుని బొత్తాం పెట్టుకున్నాడు. పన్నెండు రోజులు నా ప్రపంచం ఆ జేబే. చీకటి, చెమట, పక్కన ఒక పెన్ను. చొక్కా మార్చినప్పుడల్లా మమ్మల్ని కూడా కొత్త జేబులోకి మార్చేవాడు. అవతల మా ఆసుపత్రిలో పదమూడు తరవాత పదిహేను పిలుస్తూ ఉంటారు కదా, నేను లేకపోతే వరసంతా గొడవ అవుతుంది కదా అని నాకు దిగులు. నేను బయటికి రాలేను. ఆయన కూడా రాలేడు.

ఆ జేబులోనే నాకు అసలు సంగతి తెలిసింది. లారీలు లేనప్పుడు గోవర్ధనం తలుపు వేసుకుని, గోడకున్న కాలెండరుకు చెప్పేవాడు. "డాక్టరుగారూ, నాకు మూత్రంలో రక్తం పడుతోందండి. నొప్పి లేదు. వారం పడి మానేస్తుంది, మళ్ళీ వస్తుంది. ఐదు నెలలైందండి." ఎంత చక్కగా చెప్పేవాడో! ఎక్కడా తడబాటు లేదు. రోజుకి నాలుగైదు సార్లు చెప్పేవాడు. ఒక మధ్యాహ్నం వెనక దొడ్లోంచి వచ్చి చాలాసేపు నిలబడే ఉన్నాడు. "మళ్ళీ" అన్నాడు నెమ్మదిగా. ఆ రోజు కాలెండరుకు కూడా చెప్పలేదు. నాకు ఆయనమీద చచ్చేంత కోపం వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. చావుకన్నా పాతికమంది చూపులు ఎక్కువైపోయాయా నీకు అని అరవాలనిపించింది. ఎక్కువే అయ్యాయి, ఆ గుండె చప్పుడు విన్నదాన్ని, నాకు తెలుసు.

పన్నెండో రోజు ఆయన ఆ సంగతి మరిచాడు. సాయంత్రం చొక్కా నానబెట్టబోతూ అరుణకుమారి నన్ను బయటికి తీసింది.

"ఏవండీ, ఇది హైమావతిగారి ఆసుపత్రి బిళ్ళ కదూ? మీ జేబులో ఉందేంటి?"

"ఎవరో లారీ డ్రైవరు పడేసుకున్నాడు" అన్నాడు గోవర్ధనం.

"అయ్యో, వాళ్ళకి నంబరు తక్కువైపోతే ఎంత ఇబ్బందండీ! రేపు నేను అటేగా బజారుకెళ్ళేది, ఇచ్చేసొస్తాన్లెండి."

ఆయన చటుక్కున నన్ను లాక్కున్నాడు. ఈవిడ వెళితే వీరరాఘవులు ఊరుకుంటాడా, మీ ఆయన నీరసం తగ్గిందా అని హాలంతా వినేలా అడగడూ? "నేనే ఇస్తాను" అన్నాడు. ఆవిడ ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, చొక్కాని బకెట్లో ముంచింది.

మర్నాడు పొద్దున్నే ఆరున్నరకి బయల్దేరాడు. వీరరాఘవులు ఎనిమిదికి గాని రాడు. తలుపు కింది సందులోంచి నన్ను లోపలికి తోసేసి పారిపోవాలని ఆయన పథకం. రోగం సంగతి ఆయన వదిలేసుకున్నట్టే ఉంది, దొంగ అనిపించుకోకుండా ఉంటే చాలనుకున్నాడు. మనుషుల భయాలకి వరస ఉండదు.

తీరా వెళితే తలుపు తీసే ఉంది. డాక్టరమ్మగారు ఒక్కరే, చీరచెంగు దోపుకుని, కిటికీ దగ్గర కుండీలకి నీళ్ళు పోస్తున్నారు. గోవర్ధనం గుమ్మంలోనే బిగుసుకుపోయాడు. వెనక్కి తిరగబోతుంటే ఆవిడ చూశారు.

"ఎవరు?"

ఆయన చెయ్యి చాపి నన్ను చూపించాడు.

"పద్నాలుగు!" అన్నారావిడ. "దీనికోసం వీరరాఘవులు బల్లలన్నీ తిరగేశాడు తెలుసా? తీసుకెళ్ళింది మీరా?"

"పొరపాటున" అన్నాడు.

"చూపించుకోకుండా వెళ్ళిపోయారన్నమాట." ఆయన తల ఊపాడు. గుమ్మం దాటి లోపలికి రాని ఆయన కాళ్ళవైపు ఆవిడ చూశారు. ఆవిడ కూర్చోమనలేదు, ఏమైందని అడగలేదు. మళ్ళీ కిటికీవైపు తిరిగి నీళ్ళచెంబు తీసుకున్నారు. "నాకు ఇంకా నాలుగు మొక్కలున్నాయి. నేను ఇటే చూస్తూ ఉంటాను. చెప్పాలనిపిస్తే నా వీపుకి చెప్పండి" అన్నారు.

ఒక మొక్కకి నీళ్ళు పట్టాయి. రెండోదానికి పట్టాయి. మూడోదాని దగ్గర గోవర్ధనం గొంతు సవరించుకున్నాడు. కాలెండరుకు అన్నిసార్లు చెప్పిన మాటల్లో సగం మరిచిపోయాడు. "రక్తం పడుతోందండి. మూత్రంలో. నొప్పి లేదు" అన్నాడు.

"ఎన్నాళ్ళబట్టి?"

"ఐదు నెలలు."

చెంబు ఆగింది. ఆవిడ వెంటనే తిరగలేదు. నాలుగో మొక్కకి కూడా నీళ్ళు పోసి, చెంబు కింద పెట్టి, అప్పుడు తిరిగారు. చెయ్యి చాపి నన్ను తీసుకున్నారు. "ఈ రోజే రాజమండ్రి వెళ్ళి స్కానింగు తీయించుకోవాలి. ఉత్తరం రాసిస్తాను, అక్కడ మీరేం చెప్పనక్కర్లేదు, ఉత్తరం ఇస్తే చాలు. మీ ఆవిణ్ణి తీసుకెళ్ళండి. ఆవిడకి చెప్పారా?" లేదన్నాడు. "ఇప్పుడు వెళ్ళి చెప్పండి" అన్నారు.

మూత్రాశయంలో చిన్న గడ్డ ఉందట. తీసేశారు. ఇంకా లోపలికి పాకలేదు, ఇంకో ఆరు నెలలు ఆగి ఉంటే చెప్పలేమన్నారట. ఈ మాటలు డాక్టరమ్మగారు ఫోనులో మాట్లాడుతుంటే విన్నాను. ఫోను పెట్టేసి వీరరాఘవుల్ని పిలిచి, గదిలో బల్ల బయట వేయించారు. అతను టైము కలిసిరాదని నసిగాడు. చీటీమీద బాధ రాయడం మాత్రం మానలేదు, అది లేకపోతే ఆసుపత్రి నడవదని అతని నమ్మకం. "నెమ్మదిగా అడుగు" అన్నారావిడ. అతను నెమ్మదిగానే అడుగుతున్నాననుకునేవాడు.

మూడు నెలల తరవాత గోవర్ధనం వచ్చాడు. ఆపరేషన్ అయినచోట మళ్ళీ ఏమీ రాలేదు కదా అని చూపించుకుంటూ ఉండాలట. భయం పోయిందని నేను అబద్ధం చెప్పను. టైర్ల షాపు నీడలో నిలబడి పదముగ్గుర్ని లెక్కపెట్టుకునే వచ్చాడు. చెయ్యి అదే చెయ్యి, చెమట అదే చెమట. హాలు నిండా జనం.

"ఏటండీ బాధ?" అన్నాడు వీరరాఘవులు.

గోవర్ధనం నన్ను నొక్కాడు. "అది లోపల చెబుతానండి" అన్నాడు.

హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. ఇన్నేళ్ళలో ఆ మేజా దగ్గర ఆ మాట అన్నవాళ్ళు లేరు. వీరరాఘవులు పెన్నుకి మూత పెట్టి, మళ్ళీ తీశాడు. చివరికి చీటీమీద 'లోపల' అని రాసి పక్కన పెట్టాడు. గోవర్ధనం చెవులు ఎర్రబడ్డాయి. గోడ పక్కకి వెళ్ళి కూర్చుని, నేలవైపు చూస్తూ ఉండిపోయాడు.

కాసేపటికి ఆడవాళ్ళ బల్ల చివర కూర్చున్నావిడ లేచింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. చేతిలో పదకొండో నంబరు బిళ్ళ. మేజా దగ్గరికి వచ్చి, ఎవరివైపూ చూడకుండా, "కాంపౌండరు గారూ, నా చీటీలో నీరసం అని రాశారు కదండీ. అది తీసెయ్యండి. నేను కూడా లోపలే చెబుతాను" అంది.

వీరరాఘవులు కట్టలోంచి ఆవిడ చీటీ వెతికి తీసి, నీరసం అన్న మాటని అడ్డంగా కొట్టేశాడు.