గేటు దగ్గర మీగడరంగు అంబాసిడర్

ఆదిశేషయ్యకు రైళ్ల పిచ్చి ఉందని సూరత్ దగ్గర హజీరాలో ఆయన పనిచేసే కర్మాగారమంతటికీ తెలుసు. ఆ పిచ్చికో కొలత కూడా ఉందని మాత్రం భార్య లలితకూ, వడోద్‌లో ఉండే రాజనర్సుకూ తప్ప ఎవరికీ తెలియదు. కొలత ఒకటికి ఎనభై ఏడు. అసలు రైలు ఎనభై ఏడడుగులుంటే ఆదిశేషయ్య రైలు ఒక్క అడుగు. స్టేషనూ, వంతెనా, చెట్టూ, చెట్టు కింద పడుకున్న కుక్కా, అన్నిటికీ అదే లెక్క. కుక్క తోకను కూడా వెర్నియర్ పెట్టి కొలిచిన మనిషి ఆయన. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లని వాదించేవాళ్లను చూశాం గానీ, ఆ మూడు కాళ్లనీ మిల్లీమీటర్లలో రాసిపెట్టుకునేవాణ్ణి ఈయన్నే చూశాం.

అడాజన్‌లో వాళ్ల ఫ్లాటులో మూడో పడకగదిని ఈ రైలే ఆక్రమించింది. ప్లైవుడ్ బల్ల మీద కొండ, కొండ చుట్టూ పట్టాలు, ముందువైపు రైలుగేటు. గేటు పడితే కార్లు ఆగాలి కదా! ఆ కార్ల దగ్గరే వచ్చింది చిక్కు. పోతపోసిన బుల్లి కార్లు విదేశాల నుంచి తెప్పించుకోవచ్చు, కానీ అవన్నీ అక్కడి కార్లు. మన గేటు దగ్గర ఆగే అంబాసిడర్లూ, ఫియట్లూ, ముక్కు లారీలూ కావాలంటే శనివారం గుజరీ అనే పాతసామాన్ల బజారులో పాత బొమ్మల కుప్పలు తవ్వుకోవాల్సిందే.

అలా రెండువేల పదహారులో ఒక శనివారం కుప్ప తవ్వుతుంటే, ఒకే లారీ మీద రెండు చేతులు పడ్డాయి. రెండో చెయ్యి రాజనర్సుది. సిరిసిల్ల వైపు మనిషి. ఇరవై ఏళ్లుగా పాండేసరాలో సాంచలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే మిస్త్రీ. పాత ఆకురాళ్లు వెతుక్కుంటూ వచ్చాడు. "మీరే తీసుకోండ్రి సార్," అని వదిలేశాడు. తెలుగు వినగానే ఆదిశేషయ్య ప్రాణం లేచొచ్చింది. అక్కడే నిలబడి గంటసేపు రైళ్ల గురించి చెప్పాడు. పక్కవారానికి రాజనర్సు రెండు కార్లు వెతికి పట్టుకొచ్చాడు.

అప్పట్నించీ శనివారం వేట, ఆదివారం అడాజన్. విరిగిన చక్రాలకు రాజనర్సు మగ్గంలోని సన్నటి ఉక్కుతీగతో ఇరుసులు వేసేవాడు. ఊడిన తలుపులను కంటికి కనపడని చుక్క జిగురుతో అతికేవాడు. ఆ గదిలో కుర్చీ ఒక్కటే, ఆదిశేషయ్య కూర్చునే తిరుగుడు కుర్చీ. మొదటి రోజే రాజనర్సు గోడవారనున్న పీట లాక్కుని కూర్చున్నాడు. కుర్చీ తెస్తాను ఉండమని ఎవరూ అనలేదు. లలిత ఒకసారి తేబోతే, "నాకు గిదే అలవాటమ్మా," అన్నాడు. ఆ మాట పట్టుకుని అందరూ హాయిగా ఊరుకున్నారు.

రెండువేల ఇరవై మార్చిలో, అంతా మూతపడటానికి రెండు వారాల ముందు, రాజనర్సు జేబురుమాలు మడతలోంచి ఒక కారు తీశాడు. మీగడరంగు అంబాసిడర్. ఆదిశేషయ్య పెళ్లయిన కొత్తలో లలితను బెజవాడ నుంచి సూరత్‌కు అలాంటి కారులోనే తీసుకొచ్చాడు. దారిలో ఇంజను మూడుసార్లు పొగలు కక్కిందట. ఆ కథ రాజనర్సు పీట మీద కూర్చుని పదిసార్లైనా విని ఉంటాడు.

"గుజరీల దొర్కింది సార్. ఎర్రగ ఉండె. రంగు నేనే ఏసిన. నెల పట్టింది," అన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

ఆ రోజు ఆదిశేషయ్య ఆఫీసు స్నేహితులిద్దరు రైలు చూడటానికి వచ్చి ఉన్నారు. వాళ్ల ముందు తన శాస్త్రం చూపించుకోవాలనిపించింది. కారును సరిగా చూడనైనా చూడకుండా వెర్నియర్ పెట్టి కొలిచాడు.

"అరవై ఏడు మిల్లీమీటర్లు! యాభై దాటకూడదయ్యా. నాలుగేళ్లుగా చెబుతున్నా నీ బుర్రకెక్కలేదా? ఇది మోడల్ కాదు, పిల్లలాడుకునే బొమ్మ."

స్నేహితులు నవ్వారు. రాజనర్సు కూడా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. కారును బల్ల ముందంచున పెట్టి, "సార్, జర గీడ కూసోని సూడుర్రి ఒక్కసారి," అని పీట జరిపాడు.

"చూసేదేముంది? అంకె అబద్ధం చెప్పదు," అన్నాడు ఆదిశేషయ్య నిలబడే.

"మంచిది సార్. ఎవరన్న పిల్లలొస్తే ఇయ్యుర్రి." రాజనర్సు చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. టీ కప్పుతో వచ్చిన లలిత ఖాళీ పీటనూ మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది. కారు తీసుకెళ్లి వంటింట్లో పోపుడబ్బా పక్కన పెట్టుకుంది.

ఆ తర్వాత సాంచలు ఆగిపోయాయి. మే నెలలో కూలీల కోసం వేసిన రైల్లో రాజనర్సు ఊరికి పోయాడు. ఆదిశేషయ్య రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తాడు. "నాకేం కోపం సార్," అన్నాడు. కోపం లేని మనిషి ఆ మాట ఎందుకంటాడు? ఆ తర్వాత ఫోన్ పలకలేదు. ఆదివారాలు ఇంట్లో రైలు తిరిగేది గానీ, దాన్ని చూసి "అబ్బ!" అనేవాడు లేడు. తన రైలుకు ఈ లోకంలో నిజమైన మెప్పు ఆ ఒక్కడి దగ్గరే దొరికిందనీ, దాన్ని తన నోటితోనే పోగొట్టుకున్నాననీ ఆదిశేషయ్యకు అప్పుడు తెలిసొచ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

ఆగస్టులో ఆయనకు కరోనా సోకింది. గండం తప్పింది గానీ పద్నాలుగు రోజులు గదిలోనే ఉండాలన్నారు. లోపలే స్నానాల గది ఉన్నది ఆ మూడో గదికే కాబట్టి రైలు బల్ల పక్కనే నేల మీద పరుపు వేశారు. లలిత రోజూ గుమ్మం దగ్గర పళ్లెం పెట్టి తలుపు కొట్టి వెళ్లేది. తొమ్మిదో రోజు పళ్లెంలో కషాయం గ్లాసు పక్కన మీగడరంగు అంబాసిడర్ ఉంది.

"ఇదెందుకు?" అన్నాడు తలుపు ఇవతల నుంచి.

"పిల్లలొస్తే ఇమ్మన్నాడుగా. ఇంట్లో ఉన్న పిల్లాడివి నువ్వొక్కడివే," అంది అవతల నుంచి.

ఆదిశేషయ్య దాన్ని బల్ల ముందంచున పెట్టాడు. జ్వరం నీరసానికి ఎక్కువసేపు నిలబడలేకపోయాడు. కుర్చీ దూరంగా ఉంది. దగ్గర్లో ఉన్నది పీట. కూలబడ్డాడు. కళ్లు సరిగ్గా బల్ల అంచు మీదికి వచ్చాయి.

దగ్గరున్న అంబాసిడర్ పెద్దగా, గేటు దగ్గరి కార్లు చిన్నగా, వాటి వెనక రైలు ఇంకా చిన్నగా కనిపించాయి. జానెడు రోడ్డు కాస్తా ఫర్లాంగు సాగిపోయింది. నిజం రోడ్డు మీద నిజం గేటు ముందు నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంది. దగ్గరిది పెద్దగానూ దూరానిది చిన్నగానూ కనపడుతుందని ఒకటో తరగతి పిల్లాడికి తెలుసు. ముప్ఫై ఏళ్ల అనుభవమున్న ఇంజనీరుకు మాత్రం వెర్నియర్ అడ్డొచ్చింది.

అంతటితో అయిపోలేదు. పైనుంచి చూస్తే కప్పు తప్ప కనపడని ఆ కారులోకి ఇప్పుడు అద్దాల్లోంచి చూపు పోయింది. ముందు సీటులో ఏదో ఉంది. కళ్లజోడు సర్దుకుని చూశాడు. గోధుమరంగు పూస, దాని మీద తెల్ల మూత. ఆవకాయ జాడీ! ఆ ప్రయాణమంతా లలిత ఒళ్లో పెట్టుకుని, ఘాట్లో కూడా దించని జాడీ. ఆ ముసలి పిల్లాడు పీట మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాడు. గోడ అవతల లలితకు వినిపించింది. ఆవిడ తలుపు కొట్టలేదు.

దీపావళి దాటాక సాంచలు మళ్లీ గట్టిగా నడిచాయి. రాజనర్సు తిరిగొచ్చాడని తెలిసింది గానీ అతను అడాజన్‌కు రాలేదు. వడోద్‌లో అతని గది ఏ గల్లీలో ఉందో ఆదిశేషయ్యకు తెలియదు. నాలుగేళ్లలో ఎన్నడూ అడగలేదు మరి. అందుకని గుజరీ మళ్లీ మొదలైన దగ్గర్నించీ ప్రతి శనివారం మాస్కు కట్టుకుని బొమ్మల కుప్పల మధ్య తిరిగాడు. మూడో శనివారం, మాస్కులు కట్టిన జనంలో ఒక చెయ్యి బుల్లి వ్యాను తీసి, అరచేతి మీద దొర్లించి, ఇరుసు ఎటు వంగిందో చూస్తోంది. ముఖంతో పని లేకపోయింది.

"రాజనర్సూ."

చెయ్యి ఆగింది. "మంచిగున్నరా సార్? బీమారైందట గద."

"జాడీ చూశాను," అన్నాడు ఆదిశేషయ్య. ఇంకా ఏవేవో అనుకుని వచ్చాడు, ఒక్కటీ గుర్తు రాలేదు. "తప్పు నాది. పీట మీద కూర్చోమన్నావు, కూర్చోలేదు. రేపొస్తావా?"

రాజనర్సు వ్యానుకు డబ్బులిచ్చి జేబులో వేసుకున్నాడు. "అమ్మ టీ పెడ్తదా?" అన్నాడు.

ఆదివారం వచ్చేసరికి గదిలో కొత్త కుర్చీ ఉంది. ఆదిశేషయ్య పట్టుబట్టి రాజనర్సును అందులో కూర్చోబెట్టాడు. నాలుగేళ్ల మర్యాద బాకీ ఒక్కసారే తీర్చేద్దామని ఆయన ఆత్రం. రాజనర్సు చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, పెళ్లిచూపులకొచ్చినట్టు బిగుసుకు కూర్చుని, బల్ల వైపు చూశాడు. ముందు అంబాసిడర్, వెనక గేటు. చూసి, చూసి, మొహమాటంగా గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఏమనుకోకుర్రి. మీరన్నదే నిజం. బండి జర పెద్దగనే ఉన్నది."

ఆదిశేషయ్య మొహం పాలిపోయింది. మరుక్షణం నెత్తి కొట్టుకుని పెద్దగా నవ్వాడు. "లేవయ్యా బాబూ, ఆ కుర్చీలోంచి లే!"

మోకాళ్లు టకటకలాడుతుండగా ఆయనే ముందు నేల మీద చతికిలబడ్డాడు. పీట రాజనర్సు వైపు తోశాడు. రాజనర్సు దాన్ని పక్కకు నెట్టి ఆయన భుజానికి ఆనుకునేంత దగ్గరగా నేల మీదే కూర్చున్నాడు. ఇద్దరి కళ్లూ బల్ల అంచుకు వచ్చాయి. ఆదిశేషయ్య మీట నొక్కాడు. గేటు పడింది. కొండ వెనక నుంచి రైలు వచ్చింది. అంబాసిడర్ జాడీతో సహా దారి కోసం ఆగింది.

"నేనెప్పుడు గీడికెల్లే సూసిన గద సార్. నాకు గిట్లనే కనవడ్డది," అన్నాడు రాజనర్సు నెమ్మదిగా.

"అవును. నన్నూ ఇక్కడికి రమ్మని పిలిచింది నువ్వే," అన్నాడు ఆదిశేషయ్య.

టీ తెచ్చిన లలిత, ఖాళీగా ఉన్న రెండు కుర్చీలనూ, నేల మీది ఇద్దరినీ చూసి పీట లాక్కుని కూర్చుంది. రాజనర్సు జేబులోంచి నిన్నటి వ్యాను తీసి బల్ల మీద పెట్టాడు. ఇరుసు అప్పటికే సరిచేసి ఉంది.

"కొలువుర్రి సార్."

ఆదిశేషయ్య గడ్డం బల్ల అంచుకు ఆనించి, ఒక కన్ను మూసి, వ్యాను వైపు చూశాడు.

"ఇంకో రెండు వేళ్లు ముందుకు జరుపు," అన్నాడు.